రెండు అంచుల లెక్క: ఇంటి వర్క్‌షాపులో డ్రిల్ సాన జిగ్గులు

పది మిల్లీమీటర్ల డ్రిల్లుతో వేసిన బెజ్జంలో పదిన్నర పిన్ను వదులుగా దూరిపోతోందంటే ముందుగా అందరూ మెషినునే అనుమానిస్తారు. స్పిండిల్ ఆడుతోందని, చక్ అరిగిందని, జాబ్ సరిగా బిగించలేదని అంటారు. ఎక్కువ సందర్భాల్లో తప్పు డ్రిల్లు మొనలోనే ఉంటుంది. ఒక అంచు పొడవుగానో, కాస్త ఎత్తుగానో మిగిలిపోతే డ్రిల్లు తన నడుమ మీద తాను తిరగదు, పక్కకు నెట్టుకుంటూ తిరుగుతుంది. బెజ్జం పెద్దదవడం, మొన త్వరగా మొద్దుబారడం, పని చేసేటప్పుడు కీచుమని అరవడం ఇవన్నీ ఆ ఒక్క లోపం నుంచే వస్తాయి. అందుకే ఇంట్లో చిన్న లేత్, బెంచ్ గ్రైండర్ పెట్టుకున్నవాళ్లు కొన్నాళ్లకు డ్రిల్లు సాన పట్టే జిగ్గు చేసుకోవాలనుకుంటారు. ఏ రకం చేసుకోవాలి, దేనికి ఎంత పని పడుతుంది, ఏది నిజంగా పదును ఇస్తుంది అనే విషయాల్లో అభిప్రాయాలు చాలా ఉన్నాయి. వాటిని ఒక్క కొలతతో తూచవచ్చని నా నమ్మకం. రెండు కోత అంచులనూ సమానంగా ఉంచుతుందా లేదా అన్నదే ఆ కొలత. కోణాల గురించి జరిగే వాదాలన్నీ దాని తర్వాతే.

ముందు మొనను చూద్దాం. మామూలు ట్విస్ట్ డ్రిల్లుకు రెండు గాళ్లు, వాటి చివర రెండు కోత అంచులు ఉంటాయి. ఆ రెండింటి మధ్య వెబ్ (గాళ్ల నడుమ మిగిలిన లోహపు గోడ) మందమంతా అడ్డంగా సాగే చిన్న గీతే చిజెల్ ఎడ్జ్. అంచుల మధ్య కోణం మామూలు పనికి 118 డిగ్రీలు, గట్టి ఉక్కుకు 135. అంచు వెనక భాగం కిందికి వాలి ఉండాలి, ఆ వాలే క్లియరెన్స్. మధ్య సైజుల డ్రిల్లుకు అది 8 నుంచి 12 డిగ్రీలు, సన్న డ్రిల్లుకు ఇంకాస్త ఎక్కువ. వాలు లేకపోతే అంచు లోహాన్ని కోయకుండా రుద్దుతుంది. వాలు మరీ ఎక్కువైతే అంచు వెనక బలం తగ్గి విరుగుతుంది, డ్రిల్లు లోహాన్ని పట్టేసుకుని అదురుతుంది. చిజెల్ ఎడ్జ్ కోయదు, లోహాన్ని నలిపి పక్కకు తోస్తుంది. డ్రిల్లును కిందికి నొక్కడానికి కావలసిన బలంలో దాదాపు సగం, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ అక్కడే ఖర్చయిపోతుంది. పైగా డ్రిల్లు లోపలి వెబ్ షాంక్ (చక్‌లో బిగించే తోక) వైపు పోయేకొద్దీ లావవుతుంది. కాబట్టి సాన పట్టి పట్టి పొట్టి చేసిన డ్రిల్లుకు చిజెల్ ఎడ్జ్ పొడుగవుతుంది, ఒత్తిడి పెరుగుతుంది.

ఇక సమానత లెక్క. పది మిల్లీమీటర్ల డ్రిల్లు ఒక చుట్టు తిరిగితే 0.2 మిల్లీమీటర్లు దిగిందనుకుందాం. అంచులు రెండు కాబట్టి ఒక్కో అంచు వంతుకు 0.1 మిల్లీమీటర్ల మందం పొర వస్తుంది. ఒక అంచు రెండోదానికంటే 0.1 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంటే లెక్క తలకిందులవుతుంది. ఎత్తు అంచు మొత్తం 0.2 కోస్తుంది, రెండోది గాలిలో తిరుగుతుంది. చేత్తో మెల్లగా దించే డ్రిల్లింగ్ మెషిన్‌లో ఒక చుట్టుకు 0.1 మాత్రమే దిగుతుంది కాబట్టి అక్కడ 0.05 తేడా వచ్చినా చాలు, ఒకే అంచు పని చేస్తుంది. వెంట్రుక మందం కంటే తక్కువ తేడా అది, కంటికి ఆనదు. అదే క్లియరెన్స్ 10 డిగ్రీలకు బదులు 12 అయిందనుకోండి, బెజ్జంలో ఆ తేడా తెలియనే తెలియదు. అసలు ఆ 0.2 ఫీడుకు డ్రిల్లు అంచు బయటి కొసన కావలసిన కనీస వాలు అర డిగ్రీ కూడా ఉండదు. నడుమకు దగ్గరగా, 0.75 మిల్లీమీటర్ల వ్యాసార్ధం దగ్గర కూడా రెండున్నర డిగ్రీలకు మించదు. మిగతా డిగ్రీలు వేడికి, రాపిడికి, కూలెంట్ లోపలికి వెళ్లడానికి వదిలిన జాగా. కోణం పది శాతం తప్పినా డ్రిల్లు నడుస్తుంది. ఎత్తు వెంట్రుకంత తప్పినా నడవదు. జిగ్గు గీసేవాళ్లు, కొనేవాళ్లు ముందు పట్టుకోవలసింది ఈ తేడానే.

ట్విస్ట్ డ్రిల్లు వయసు పెద్దదేమీ కాదు. అమెరికాలో స్టీఫెన్ మోర్స్ 1863లో దానికి పేటెంటు తీసుకున్నాడు, మరుసటి ఏడాది కంపెనీ పెట్టాడు. అంతకుముందు కమ్మరి సాగగొట్టి చేసిన చదును డ్రిల్లుతోనే పని నడిచేది. ఫ్రెడరిక్ టేలర్, మాన్సెల్ వైట్‌ల హైస్పీడ్ స్టీలు 1900 పారిస్ ప్రదర్శనలో అందరి కళ్ల ముందుకు వచ్చాక డ్రిల్లు వేడెక్కినా గట్టిగా ఉండటం మామూలైపోయింది. ఇంట్లో సొంతంగా యంత్రాలు చేసుకునే అలవాటు బ్రిటన్‌లో బలంగా నాటుకుంది. పెర్సివల్ మార్షల్ 1898లో మొదలుపెట్టిన ‘మోడల్ ఇంజినీర్’ పత్రిక దానికి తోడైంది. తోటలోని షెడ్డులో చిన్న ఆవిరి యంత్రం, గడియారం చేసుకునే మనిషికి డ్రిల్లు పదును చాలా ముఖ్యం. అందుకే సాన జిగ్గుల డ్రాయింగులు, వాటి మీద వాదోపవాదాలు ఆ పత్రికల్లో తరాల తరబడి నడిచాయి.

మన దగ్గర ఈ పని ఎక్కువగా చేతుల మీదే ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో, హైదరాబాద్ బాలానగర్‌లో ఏ షెడ్డులోకి వెళ్లినా అనుభవం ఉన్న టర్నరు డ్రిల్లును రెండు వేళ్ల మధ్య ఆనించి, అంచును చక్రం ముఖానికి సమాంతరంగా తెచ్చి, షాంకును మెల్లగా కిందికి దించుతూ, రెండు వైపులా అలా ఒకటి రెండుసార్లు లాగి వదులుతాడు. బొటనవేలి గోరు మీద అంచు గీటి పదును చూస్తాడు. ఐటీఐ ఫిట్టర్ పాఠాల్లోనూ చేతిసానే మొదట నేర్పుతారు. అది పాతబడిన పద్ధతని కొట్టిపారేయకూడదు. పన్నెండు, పదహారు మిల్లీమీటర్ల డ్రిల్లును పని మధ్యలో బాగుచేసుకోవాలంటే చేతిసానను మించింది లేదు. ఏ జిగ్గు చేసుకున్నా ముందు చేతిసాన వచ్చి ఉంటే మంచిది, ఎందుకంటే మొన ఎలా ఉండాలో కంటికి తెలిసినవాడికే జిగ్గులోని తప్పు కనిపిస్తుంది. హద్దు కూడా ఒప్పుకోవాలి. ఆరు మిల్లీమీటర్ల కంటే సన్న డ్రిల్లులో 0.05 తేడాను వేళ్లతో పట్టగలిగేవాళ్లు చాలా అరుదు. వారానికోసారి మాత్రమే మెషిన్ ముందు నిలబడే ఇంటి మనిషికి ఆ చేతివాటం రావాలంటే ఏళ్లు పడుతుంది.

ఇక జిగ్గుల్లో పాతది ఊగే చేయి ఉన్న రకం. బజారులో చవకగా దొరికే పోత ఇనుప జిగ్గు ఇదే. ‘వి’ ఆకారపు గాడిలో డ్రిల్లు పడుకుంటుంది. చక్రం పక్క ముఖంతో డ్రిల్లు 59 డిగ్రీలు చేస్తుంది, అంటే 118లో సగం. గాడి ఉన్న చేయి ఒక పివట్ మీద అటూ ఇటూ ఊగుతుంది. ఊగినప్పుడు అంచు వెనక మడమ భాగం చక్రానికి తగిలి వాలుగా కోసుకుపోతుంది. అలా వచ్చే ఉపరితలం ఒక శంకువు ముక్క, ఆ శంకువు నడిగీత పివట్. ఇక్కడొక సూక్ష్మం ఉంది. డ్రిల్లు అక్షం పివట్ అక్షాన్ని నేరుగా ఖండించకూడదు, కొంచెం పక్కకు జరిగి ఉండాలి. ఆ జరుగుడే మొన నడుమ భాగానికి క్లియరెన్స్ ఇస్తుంది. 1957లో పరిశోధకుడు గాలోవే రాసిన పత్రం ఈ శంకువు కొలతలకూ డ్రిల్లు పనితనానికీ ఉన్న సంబంధాన్ని విడమర్చి చెప్పింది. ఇప్పటికీ మొన జ్యామితి గురించి రాసేవాళ్లు అక్కణ్నుంచే మొదలుపెడతారు.

ఈ రకానికి చెడ్డపేరు ఎందుకొచ్చిందంటే మూడు కారణాలు చెప్పవచ్చు. పోత వస్తువులో పివట్ పిన్ను వదులుగా ఉంటుంది, చేయి ఊగేటప్పుడు ఊపుకు తగ్గట్టు పైకీ కిందికీ కదులుతుంది. అంచును ఆనించే చిన్న నాలుక పలచగా ఉండి వంగుతుంది. అన్నింటికంటే పెద్ద సమస్య ఏమిటంటే ఒక వైపు సాన పట్టాక డ్రిల్లును వదులు చేసి, అరచుట్టు తిప్పి, మళ్లీ బిగించాలి. రెండోసారి బిగించినప్పుడు, వెనక నుంచి ఆపే తోక స్క్రూకి షాంకు సరిగ్గా అదే చోట ఆనిందా, నాలుకకు అంచు అంతే ఆనిందా అన్నది చేతికి వదిలేసిన విషయం. పైన లెక్కలో చూసిన 0.05 అక్కడే పోతుంది. డ్రిల్లు సైజు మారితే ఇంకొకటి మారుతుంది. తొంభై డిగ్రీల ‘వి’ గాడిలో డ్రిల్లు నడుము గాడి అడుగు నుంచి వ్యాసంలో 0.707 వంతు ఎత్తున ఉంటుంది. మూడు మిల్లీమీటర్ల డ్రిల్లుకు అది 2.1, పన్నెండు మిల్లీమీటర్ల దానికి 8.5. ఈ జరుగుడుతోనే శంకువు కొలతలు సైజుకు తగ్గట్టు వాటంతట అవే సర్దుకుంటాయని కొందరు డిజైనర్లు వాడుకున్నారు. కానీ గాడి బయటికి డ్రిల్లు ఎంత వచ్చి ఉండాలో కూడా సైజును బట్టి మార్చాలి. దాన్ని పట్టించుకోకపోతే క్లియరెన్స్ తేడాగా వస్తుంది.

ఇంట్లో ఈ రకాన్ని బాగా చేయవచ్చు, అందులో సందేహం లేదు. పివట్‌కు గట్టి పిన్ను, రీమరు వేసిన కంచు బుష్, పైకి కదలకుండా స్ప్రింగు వాషరు పెట్టాలి. గాడిని మిల్లింగ్ చేసి చక్కగా గీయాలి. నాలుకను హైస్పీడ్ స్టీలు ముక్కతో చేసి గట్టిగా బిగించాలి. అప్పుడది బజారు వస్తువు కాదు, సాధనమే అవుతుంది. అయినా తిప్పి మళ్లీ బిగించే ఆ మెట్టు మాత్రం మిగిలే ఉంటుంది.

రెండో దారి ఆ మెట్టునే తీసేస్తుంది. అందుకే నాకు ఇది ఎక్కువ నచ్చింది. ఇందులో డ్రిల్లును కోలెట్‌లో (చుట్టూ సమంగా బిగుసుకునే చీలికల గొట్టంలో) బిగించాక పని పూర్తయ్యేదాకా వదలరు. కోలెట్ ఉన్న చదరపు బ్లాకు లేదా ఆరు పలకల బ్లాకునే బల్ల మీద తిప్పి వేస్తారు. మిల్లింగ్ పనికి వాడే ఈఆర్ కోలెట్ బ్లాకులు ఇప్పుడు మన దగ్గరా దొరుకుతున్నాయి. స్విట్జర్లాండ్‌లోని రెగో-ఫిక్స్ సంస్థ 1970లలో తెచ్చిన ఈ కోలెట్ తీరు ఇప్పుడు ప్రపంచమంతా నడుస్తోంది. ఒక్కో కోలెట్ సుమారు ఒక మిల్లీమీటరు మేర బిగిస్తుంది కాబట్టి మూడు నుంచి పదమూడు మిల్లీమీటర్ల డ్రిల్లులకు ఒక సెట్టు చాలు. దీంతో శంకువు రాదు, చదునైన ముఖాలు వస్తాయి. రెండు ముందు ముఖాలు, రెండు వెనక ముఖాలు, మొత్తం నాలుగు. బ్రిటిష్ పత్రిక ‘మోడల్ ఇంజినీర్స్ వర్క్‌షాప్’కు సంపాదకుడిగా పనిచేసిన హెరాల్డ్ హాల్ లాంటివాళ్లు సాన పనుల గురించి రాస్తూ ఇంట్లో చేసుకునే ఇలాంటి సాదా పరికరాల మీద చాలా శ్రద్ధ పెట్టారు.

పని ఇలా నడుస్తుంది. గ్రైండర్‌కు చదును ముఖం ఉన్న కప్ వీల్ తగిలిస్తారు. బల్ల మీద ఒక కంచెను డ్రిల్లు అక్షం చక్రం ముఖంతో 59 డిగ్రీలు చేసేలా బిగిస్తారు. కోత అంచు చక్రం ముఖానికి సమాంతరంగా ఉండేలా, భూతద్దం పెట్టి చూస్తూ, డ్రిల్లును కోలెట్‌లో తిప్పి బిగిస్తారు. బల్లను పది డిగ్రీలు వంచి, బ్లాకును ఒక స్టాపు దాకా తోసి మొదటి ముఖం సాన పడతారు. బ్లాకును ఎత్తి, ఎదుటి పలక మీద పెట్టి, అదే స్టాపు దాకా తోసి రెండో ముఖం పడతారు. తర్వాత బల్లను పాతిక నుంచి ముప్పై డిగ్రీలకు వంచి, వెనక ముఖాలు రెండూ అలాగే పడతారు. ఇక్కడ మెల్లగా వెళ్లాలి. ముందు ముఖానికీ వెనక ముఖానికీ మధ్య గీత మొనకు దగ్గరవుతూ వస్తుంది, ఆ గీత సరిగ్గా నడుమ మీదికి రాగానే ఆపాలి. అప్పుడు చిజెల్ ఎడ్జ్ మాయమై నాలుగు ముఖాలూ ఒకే బిందువులో కలుస్తాయి. గీత రాకముందే ఆపితే చిన్న చిజెల్ ఎడ్జ్ మిగులుతుంది, దాంతో పెద్ద నష్టం లేదు. గీత దాటిపోతే కోత అంచు మధ్యలోనే తెగిపోతుంది, మళ్లీ ముందు ముఖాలు పట్టుకోవాలి. నాలుగు ముఖాలు సరిగ్గా కుదిరిన డ్రిల్లు సెంటర్ పంచ్ గుర్తు లేకుండానే తన చోట కూర్చుంటుంది, రేకు మీద జారదు. సన్న డ్రిల్లులకు ఈ లాభం బాగా కనిపిస్తుంది.

దీన్ని ఎందుకు మెచ్చుకుంటున్నానో ఇప్పుడు చెప్పగలను. కోత అంచును కంటితో సమాంతరంగా పెట్టడంలో రెండు మూడు డిగ్రీల తప్పు వచ్చిందనుకోండి. బ్లాకు తిరిగేటప్పుడు ఆ తప్పు రెండో అంచుకూ అంతే వస్తుంది, కాబట్టి క్లియరెన్స్ కాస్త మారుతుందే తప్ప సమానత చెడదు. కంచె 59కి బదులు 60లో ఉన్నా అంతే. ఈ జిగ్గులో తప్పులు రెండు వైపులా ఒకేలా పంచుకుపోతాయి. చెడగొట్టగలిగేది ఒక్కటే, బ్లాకు ఎదుటెదుటి పలకల నుంచి నడుముకు దూరాలు సమానంగా లేకపోవడం. కంచెకు ఆనే పలకల్లో 0.02 తేడా ఉంటే అంచుల ఎత్తులో దాదాపు 0.012 తేడా వస్తుంది, ఎందుకంటే 59 డిగ్రీల దగ్గర పక్కజరుగుడులో 0.6 వంతు మాత్రమే ఎత్తుగా మారుతుంది. ఆ మాత్రం ఓర్చుకోవచ్చు. 0.1 తేడా ఉన్న బ్లాకును మాత్రం వాడకూడదు. పరీక్ష సులువు. నునుపైన రాడ్డును కోలెట్‌లో బిగించి, బ్లాకును సర్ఫేస్ ప్లేటు మీద పెట్టి, రాడ్డు పైన డయల్ గేజీ ఆనించి చూసి, బ్లాకును ఎదుటి పలక మీద తిప్పి పెట్టి మళ్లీ చూడాలి. కొన్న బ్లాకు పరీక్షలో నిలవకపోతే, నిలిచే బ్లాకును లేత్‌లో, మిల్లింగ్‌లో మనమే చేసుకోవచ్చు. నాలుగు పలకలే చాలు, అందులోనూ ఎదుటెదుటి రెండే ముఖ్యం.

చేసేవాళ్లకు ఇంకో రెండు సంగతులు. ముందుకు తోసే స్టాపును మామూలు బోల్టుతో కాకుండా ఒక మిల్లీమీటరు పిచ్ మరతో చేసి, తలకు యాభై గీతల కాలరు పెడితే ఒక్కో గీత 0.02 అవుతుంది. వెనక ముఖాలు పట్టేటప్పుడు ఈ కాలరు లేకుండా నడుమ దగ్గర ఆగడం కష్టం. బల్ల వంపుకు కోణాల స్కేలు చెక్కక్కర్లేదు, పది డిగ్రీలకు ఒకటి, ముప్పైకి ఒకటి చొప్పున రెండు స్టాపు పిన్నులు చాలు.

మోటారుతో సహా పెట్టెలో వచ్చే యంత్రాల గురించి రెండు మాటలు. అమెరికాలో ఆరిగన్‌లోని యాష్‌లాండ్‌లో ఉన్న డారెక్స్ సంస్థ ‘డ్రిల్ డాక్టర్’ వీటిలో అందరికీ తెలిసిన పేరు. డ్రిల్లును ఒక చిన్న చక్‌లో పెట్టి, మొనను ముళ్లకు ఆనించి సర్ది, వజ్రపు చక్రం దగ్గర అరచుట్టు తిప్పి తిప్పి పడతారు. వెనక వాలును చక్‌లోని క్యామ్ ఇస్తుంది. చక్ నుంచి డ్రిల్లును వదలకుండానే రెండు వైపులా పడుతుంది కాబట్టి సమానత పరీక్షలో ఇవి ఊగే చేయి కంటే మేలే. అమెరికాలో గ్యారేజీలో పనిచేసుకునే మన తెలుగువాళ్లకు ఇవి చేతికి అందేవే. కాకపోతే సైజుల హద్దు, ప్లాస్టిక్ గైడ్ల అరుగుదల చూసుకోవాలి.

మరో కొసన క్వార్న్ ఉంది. లఫ్‌బరోలో ప్రొఫెసరుగా పనిచేసిన డెన్నిస్ చాడాక్ తను ఉండే ఊరి పేరు పెట్టి రూపొందించిన టూల్ గ్రైండరు అది. 1970లలో ‘మోడల్ ఇంజినీర్’లో వరుసగా వచ్చి, తర్వాత పుస్తకమైంది. పోత ముక్కల కిట్టు తెచ్చుకుని నెలల తరబడి లేత్ మీద మలుచుకునే పెద్ద పని. ఎండ్ మిల్లు, రీమరు, లేత్ టూలు, డ్రిల్లు అన్నింటినీ ఏ కోణంలోనైనా పడుతుంది. డ్రిల్లు ఒక్కదాని కోసం దీన్ని మొదలుపెట్టడం అనవసర శ్రమ. ఎండ్ మిల్లులు ఎక్కువగా వాడేవాళ్లకు మాత్రం చేసిన కష్టానికి ఫలితం దక్కుతుంది.

జిగ్గు ఎంత బాగున్నా చక్రం సరిలేకపోతే ఫలితం ఉండదు. హైస్పీడ్ స్టీలుకు అరవై నుంచి ఎనభై గ్రిట్ తెల్ల అల్యూమినియం ఆక్సైడు మంచిది. కార్బైడ్ డ్రిల్లుకు వజ్రపు చక్రమే కావాలి. యాభై హెర్ట్జ్ కరెంటు మీద నిమిషానికి 2850 చుట్లు తిరిగే గ్రైండరులో 150 మిల్లీమీటర్ల చక్రం అంచు సెకనుకు సుమారు 22 మీటర్లు పరుగెడుతుంది. పగిలితే దాని ముక్కలు ఆ వేగంతోనే వస్తాయి. అందుకే కొత్త చక్రాన్ని బిగించేముందు తట్టి గంటలా మోగుతుందో లేదో చూడాలి. టూల్ రెస్టుకూ చక్రానికీ మధ్య మూడు మిల్లీమీటర్లకు మించి సందు ఉంచకూడదు. మామూలు సన్న చక్రం పక్క ముఖం మీద నొక్కకూడదు, కప్ వీల్ ఉన్నది ఆ పనికే. కళ్లజోడు పెట్టుకోవాలి, చేతికి గ్లవుజులు వేసుకోకూడదు. రంగు గురించి ఒక భయం కూడా తీరాలి. హైస్పీడ్ స్టీలు అంచు కాస్త నీలం తిరిగితే పదును పోయినట్టు కాదు, దాన్ని తయారీలోనే 550 డిగ్రీల దగ్గర టెంపరు చేస్తారు, నీలం రంగు 300 దగ్గరే వస్తుంది. కానీ ఎర్రగా కాలిన అంచును నీళ్లలో ముంచితే సన్న పగుళ్లు పడతాయి. పాత కార్బన్ స్టీలు డ్రిల్లయితే నీలం తిరిగిన చోట నిజంగానే మెత్తబడిపోతుంది.

పట్టిన మొనను ఎలా పరీక్షించాలన్నది కూడా ఈ సమీక్షలో భాగమే. 59 డిగ్రీల గేజీ పొడవుల తేడా చెబుతుంది, ఎత్తుల తేడాను అంతగా చెప్పదు. డ్రిల్లును ‘వి’ బ్లాకులో పెట్టి, తోకకు స్టాపు ఆనించి, అంచు బయటి మూల మీద డయల్ గేజీ పెట్టి, అరచుట్టు తిప్పి రెండో మూల చూడటం నమ్మదగిన మార్గం. ఇంకా సులువైనది మెత్తటి ఉక్కులో ఒక బెజ్జం వేయడం. రెండు గాళ్ల నుంచీ ఒకే మందం చుట్టలు సమానంగా వస్తే మొన బాగున్నట్టు. ఒక గాడి నుంచి చుట్ట, ఇంకో గాడి నుంచి పొడి వస్తే ఎత్తు తేడా ఉన్నట్టు. ఇత్తడికి మాత్రం మరో పని ఉంది. సాన పట్టిన పదునైన అంచు ఇత్తడిని లాగేసుకుంటుంది. అందుకని అంచు ముందు భాగాన్ని చిన్న రాయితో కొద్దిగా చదును చేసి, కోసే వాలును సున్నాకు తేవాలి.

ఎవరు ఏది చేసుకోవాలి? మూడు మిల్లీమీటర్ల లోపు హైస్పీడ్ డ్రిల్లు మన బజారులో చవక, దాని కోసం జిగ్గు చేయడం శ్రమ వృథా. ఒకటి రెండు మిల్లీమీటర్ల కార్బైడ్ డ్రిల్లులు, టేపరు షాంకు ఉన్న పెద్ద డ్రిల్లులు ఖరీదైనవి. వీటికి సాన గిట్టుబాటవుతుంది. మధ్య సైజులకు, ఇంట్లో చిన్న లేత్, మిల్లింగ్ అటాచ్‌మెంట్ ఉన్నవాళ్లకు కోలెట్ బ్లాకు జిగ్గు కంటే మంచి పని నాకు కనిపించలేదు. రెండు మూడు ఆదివారాల పని, బ్లాకు తప్ప మిగతాదంతా మైల్డ్ స్టీలు పట్టీలతో అయిపోతుంది. పన్నెండు దాటిన డ్రిల్లులకు ఊగే చేయి జిగ్గు లేదా చేతిసాన. ఈ జిగ్గుల్లో చాలావాటికి సరిగ్గా రాని పని వెబ్‌ను పలచ చేయడం. చిజెల్ ఎడ్జ్ పొడుగైన పాత డ్రిల్లుకు గాడి లోపలి నుంచి వెబ్‌ను సన్న చక్రం అంచుతో గీరి తగ్గించాలి, అది కూడా రెండు వైపులా సమానంగా. అదే కోలెట్ బ్లాకును బల్ల మీద వేరే కోణంలో ఆనించి, మూల పదునుగా డ్రెస్ చేసిన సన్న చక్రంతో ఈ పనీ చేయవచ్చు. జిగ్గు చేసేటప్పుడే కంచెకు ఆ రెండో కోణానికి ఒక బెజ్జం అదనంగా వేసి ఉంచుకుంటే తర్వాత బల్లను విప్పి మళ్లీ మార్కింగ్ చేయనక్కర్లేదు.